సొంతంగా కట్టుకున్న విమానంలో మాజ్దా రోటరీ: ఏడేళ్ళు, 540 గంటల తర్వాత

కిట్ నుంచి నేను కట్టుకున్న ఆర్వీ-7ఎ విమానం ముక్కులో ఉన్నది కారు ఇంజిన్. 1989 నాటి మాజ్దా ఆర్‌ఎక్స్-7లోంచి తీసిన 13బి, రెండు రోటర్లు, 1,308 సీసీ. రోటరీ అనగానే కొందరికి మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల్లో సిలిండర్లతో సహా గిరగిరా తిరిగిన ఇంజిన్లు గుర్తొస్తాయి. ఇది ఆ జాతి కాదు, ఫెలిక్స్ వాంకెల్ పేరు మీద నడిచే రకం. పిస్టన్లు లేవు, వాల్వులు లేవు. నడుము దగ్గర కాస్త నొక్కినట్టుండే గదిలో మూడు మూలల రోటర్ తిరుగుతుంది, అంతే. గదికి రెండు స్పార్క్ ప్లగ్గులు.

టెక్సాస్‌లో, డాలస్‌కి ఉత్తరాన ఒక చిన్న రన్‌వే పక్క హ్యాంగర్లో దీన్ని అయిదేళ్ళు కట్టాను. ఏడేళ్ళుగా ఎగురుతున్నాను. గేర్‌బాక్స్ నిష్పత్తి 2.85, అంటే ఇంజిన్ 6,000 ఆర్‌పీఎంలో ఉంటే ప్రొపెల్లర్ 2,100 దగ్గర తిరుగుతుంది. ప్రొపెల్లర్ ఫిక్స్‌డ్ పిచ్, అంటే రెక్కల కోణం మారదు. ఇంజిన్ ఎలా ఉందని అడిగిన ప్రతి ఒక్కరికీ ఒకటే చెబుతాను: ఇంజిన్ బంగారం. కష్టమంతా దాని చుట్టూ గాలిని నడిపించడంలో ఉంది. అందుకే ఈ సమీక్షలో ఇంజిన్ గురించి తక్కువా, గాలి దారుల గురించి ఎక్కువా రాస్తున్నాను.

ముందు వేడి లెక్క. విమానం పైకి ఎక్కేటప్పుడు ఇంజిన్ దాదాపు 150 హార్స్‌పవర్ ఇస్తుందనుకుంటే, కూలెంటూ ఆయిలూ కలిసి బయటికి మోయాల్సిన వేడి నా లెక్కలో సుమారు 90 కిలోవాట్లు. అందులో మూడో వంతు ఆయిల్ వాటా. పిస్టన్ ఇంజిన్ అలవాటున్నవాళ్ళు ఇక్కడే దెబ్బ తింటారు. రోటరీలో రోటర్ల లోపలి భాగాన్ని చల్లబరిచేది ఆయిలే, రోటర్లు తిప్పే ఇరుసు, అంటే ఎక్సెంట్రిక్ షాఫ్ట్‌లోని జెట్ల నుంచి లోపలికి చిమ్ముతుంది. కాబట్టి ఆయిల్ కూలర్ అనేది పక్కన తగిలించుకునే చిన్న సామాను కాదు, రెండో రేడియేటర్ కింద లెక్క. కూలర్ల గుండా వెళ్ళే గాలి 45 డిగ్రీలు వేడెక్కుతుందనుకుంటే, సెకనుకు రెండు కిలోల గాలి కావాలి.

ఆ గాలిని తోసేది విమానం వేగమే. వేగం సగమైతే తోసే ఒత్తిడి నాలుగో వంతుకి పడిపోతుంది. 170 నాట్ల వేగం దగ్గర దాదాపు 19 అంగుళాల నీటి మట్టమంత ఒత్తిడి దొరుకుతుంది. 85 నాట్లలో ఎక్కుతున్నప్పుడు అయిదు అంగుళాలు కూడా ఉండదు. ఇంజిన్ అత్యధికంగా వేడి పుట్టించేది సరిగ్గా అప్పుడే. సమతలంగా పోతున్నప్పుడు చల్లగా ఉంది కదా అని సంబరపడ్డ బిల్డర్లని చాలామందిని చూశాను. జూలై మధ్యాహ్నం ఇద్దరు కూర్చుని, నిండు ట్యాంకులతో ఎక్కి చూస్తేనే అసలు పరీక్ష.

నా మొదటి ఏర్పాటు ఇలా ఉండేది. ఇంజిన్ మీది కప్పుకి, అంటే కౌలింగ్‌కి, ముందువైపు లైకమింగ్ (ఇలాంటి విమానాల్లో మామూలుగా పెట్టే పిస్టన్ ఇంజిన్) కోసం ఉన్న రెండు ముక్కు రంధ్రాల వెనక రెండు చిన్న రేడియేటర్లు. కార్ల ఏసీ ఎవాపరేటర్ కోర్‌లకి (గాలి గుండా పోయే లోహపు జాలీలకి) గొట్టాలు వెల్డింగ్ చేయించి రేడియేటర్లుగా వాడటం రోటరీ వాళ్ళలో పాత అలవాటే. చవక, తేలిక, మందంగా ఉంటాయి. కింద గడ్డం దగ్గర ఆర్‌ఎక్స్-7 ఆయిల్ కూలర్. సర్టిఫికెట్ లేని ఇంజిన్ కాబట్టి మొదటి 40 గంటలు నిర్ణయించిన ప్రాంతంలోనే ఎగరాల్సి వచ్చింది. ఆ 40 గంటల్లో సగం వేడి మీటర్ చూస్తూనే గడిచాయి. 2,500 అడుగులకి చేరేసరికి కూలెంట్ 108 డిగ్రీల సెల్సియస్, ఆయిల్ 112. ఆయిల్‌కి నేను పెట్టుకున్న హద్దు 99. ప్రతిసారీ ముక్కు దించి, పవర్ తగ్గించి, చల్లారాక మళ్ళీ ఎక్కడం.

అందరూ చెప్పినట్టే ముందు రంధ్రాలు పెద్దవి చేశాను. రెండు డిగ్రీలు తగ్గింది. ఇంకా పెద్దవి చేశాను. ఏమీ తగ్గలేదు, పైగా మూడు నాట్ల వేగం పోయింది.

అప్పుడు ఊహలు కట్టిపెట్టి కొలవడం మొదలుపెట్టాను. సన్నని ప్లాస్టిక్ గొట్టాలు కోర్ ముందు ఒకటి, వెనక ఒకటి బిగించి కాక్‌పిట్‌లోకి లాగి, రంగునీళ్ళు పోసిన యూ ఆకారం గొట్టాలకి కలిపాను. వేగం మీటర్ 120 నాట్లు చూపించే దగ్గర గాలి మొత్తం ఒత్తిడి 9.4 అంగుళాలు రావాలి. కోర్ ముందు 4 ఉంది. కోర్ వెనక 3. అంటే రేడియేటర్ గుండా గాలిని నెడుతున్నది ఒక్క అంగుళం మాత్రమే. లోపలికి వచ్చిన గాలి బయటికి పోలేక కౌలింగ్ నిండా కూర్చుంది.

కోనసీమలో పెరిగినవాణ్ణి. కింది మడవ మూసేసి పైన తూము ఎంత ఎత్తినా చేలో నీళ్ళు పారవని చిన్నప్పుడే తెలుసు. అదే సంగతి విమానం కింద పడుకుని మూడు నెలలు చూసినా నాకు తట్టలేదు. బయటికి పోయే దారిలో ఎగ్జాస్ట్ గొట్టం, ముక్కు చక్రం కాలు, ఆయిల్ కూలర్ నుంచి వచ్చే వేడి గాలి, అన్నీ ఒకే సందులో గుమికూడి ఉన్నాయి.

మార్పులు ఒక్కొక్కటిగా చేశాను. ప్రతి మార్పు తర్వాత అదే ఎత్తుకి అదే వేగంతో ఎక్కి రాసుకున్నాను. కౌలింగ్ కింద నిష్క్రమణ ద్వారాన్ని 40 శాతం పెంచాను. అంచున కిందికి వంగిన చిన్న పెదవి పెట్టాను. అది వెనక ఒత్తిడిని తగ్గించి గాలిని పీలుస్తుంది. ఆయిల్ కూలర్ గాలికి వేరే దారి ఇచ్చాను. చివరికి 120 నాట్ల దగ్గర కోర్ ముందు 6.5, వెనక 1.2 వచ్చింది. ఒక్క అంగుళం కాస్తా అయిదు దాటింది.

ముందు వైపు మెరుగుపడ్డానికి కారణం డక్ట్, అంటే ముందు రంధ్రం నుంచి కోర్ దాకా గాలిని తెచ్చే దారి, దాని ఆకారం. మొదట నేను చేసినది నేరుగా పరుచుకునే గరాటు. గరాటు మరీ త్వరగా వెడల్పయితే గాలి గోడల్ని వదిలేసి సుడులు తిరుగుతుంది. కోర్‌లో మధ్య భాగం మాత్రమే పనిచేస్తుంది, మూలలు ఖాళీగా ఉంటాయి. కోర్ ముందు ముఖానికి దారపు ముక్కలు అంటించి, చిన్న కెమెరా పెట్టి చూశాను. మూలల్లో దారాలు వెనక్కి తిరిగి ఊగుతున్నాయి. ఇప్పుడున్న డక్ట్ మొదట చాలా దూరం నెమ్మదిగా వెడల్పై, కోర్ దగ్గరికొచ్చేసరికి గంటలాగా విచ్చుకుంటుంది. నోరు కోర్ ముఖంలో సుమారు మూడో వంతు. మొదట పెంచిన ముందు రంధ్రాల్ని మళ్ళీ చిన్నవి చేశాను. అన్నిటికంటే ఎక్కువ సంతోషమిచ్చిన పని అదే. పోయిన మూడు నాట్లూ తిరిగొచ్చాయి.

సందులు మూయడం కూడా ఇంతే ముఖ్యం. కోర్‌కీ డక్ట్‌కీ మధ్య చిటికెనవేలు పట్టేంత సందున్నా గాలి ఆ సందులోంచే పోతుంది, రేడియేటర్ జోలికి రాదు. సిలికాన్ పట్టీలు, ఆర్‌టీవీ అనే సిలికాన్ జిగురు వాడాను. రాత్రిపూట కౌలింగ్ లోపల దీపం పెట్టి బయట నుంచి వెలుగు ఎక్కడ కారుతోందో వెతికాను.

1935లో ఇంగ్లండ్‌లో ఫార్న్‌బరో పరిశోధకుడు మెరెడిత్ చూపించిన సంగతి ఒకటుంది. డక్ట్ బాగా కుదిరితే రేడియేటర్ వేడి గాలికే శక్తినిచ్చి, వెనక నుంచి వేగంగా తోసి, డ్రాగ్‌లో (విమానాన్ని గాలి వెనక్కి లాగే బలంలో) కొంత తిరిగి ఇస్తుంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి పీ-51 మస్టాంగ్ విమానం పొట్ట కింద గాలి పట్టే స్కూప్ దానికి ప్రసిద్ధ ఉదాహరణ. ఆ స్కూప్ నోరు పొట్టకి అంటకుండా కాస్త కిందికి దిగి ఉంటుంది, పొట్ట వెంట జారే నిదానపు గాలి లోపలికి రాకుండా. మా చిన్న విమానాల్లో తోపు దాకా ఆశ పెట్టుకోనక్కర్లేదు. కానీ నిష్క్రమణ ద్వారానికి కౌల్ ఫ్లాప్ అనే తెరిచి మూసే తలుపు పెట్టి, సమతలంగా పోతున్నప్పుడు మూస్తే లాభం స్పష్టంగా కనిపిస్తుంది. నాకు నాలుగు నాట్లు.

ఇక అన్నిటికంటే భయపెట్టిన రోజు. 61వ గంట. ఎక్కుతుండగా కూలెంట్ మీటర్ 98 నుంచి 80కి దిగింది. డక్ట్ మార్పు పనిచేసిందని ఒక్క నిమిషం ఆనందపడ్డాను. ఆయిల్ మాత్రం పెరుగుతోంది. అప్పుడర్థమైంది, సెన్సర్ చుట్టూ కూలెంట్ లేదు, ఆవిరీ గాలీ ఉన్నాయి. అది చల్లగా చూపిస్తుంది. పవర్ తగ్గించి, రన్‌వే పక్కనే ఉన్నాను కాబట్టి తిరిగొచ్చి దిగాను. ఒక వర్క్‌షాపులో వెల్డింగ్ చేయించిన గొట్టం చివర బీడ్ (హోస్ జారకుండా ఆపే ఉబ్బెత్తు అంచు) చేయలేదు. నున్నటి గొట్టం మీద హోస్ వేడికి మెత్తబడి జారింది. బిగించే ముందు నేనే చూసుకోవాల్సింది. ఆ వారమే కూలెంట్ ప్రెషర్ సెన్సర్ పెట్టాను. రోటరీ, ఆ మాటకొస్తే నీళ్ళతో చల్లబడే ఏ ఇంజిన్ పెట్టినవాళ్ళకైనా చేతులు పట్టుకుని చెబుతాను, ఉష్ణోగ్రత మీటర్ ఒక్కదాన్ని నమ్మొద్దు. కూలెంట్ పోతుంటే ముందుగా చెప్పేది ప్రెషరే. సిస్టమ్‌లో అన్నిటికన్నా ఎత్తైన చోట గాలి వదిలే గొట్టం పెట్టండి, అది విమానం ముక్కు పైకెత్తినప్పుడు కూడా ఎత్తైన చోటేనా అని చూసుకోండి.

ఆ రోజు వేడి తన గుర్తు వదిలే వెళ్ళింది. 13బిలో అల్యూమినియం రోటర్ గదులు, ఇనుప పలకలు, మళ్ళీ గది, పొరలు పొరలుగా పెట్టి పొడవాటి బోల్టులతో బిగిస్తారు. మధ్యలో రబ్బరు సీళ్ళు నీటిని ఆపుతాయి. రెండు లోహాలూ ఒకేలా వ్యాకోచించవు, అతిగా వేడెక్కితే ఆ సీళ్ళు నలుగుతాయి. 310 గంటల దగ్గర ఉదయం స్టార్ట్ చేస్తే తెల్లటి పొగ వచ్చింది, ప్రెషర్ చల్లటి ఇంజిన్లోనే పైకెక్కింది. విప్పితే వెనక రోటర్ వైపు సీల్ ఒకటి పోయింది. తిరిగి కట్టడం హ్యాంగర్లోనే, మూడు వారాంతాల్లో అయింది. లైకమింగ్ ఓవర్‌హాల్ ఖర్చు విన్నవాళ్ళకి ఆ బిల్లు చూపిస్తే నమ్మలేదు. రోటర్ మూలల్లో ఉండే ఎపెక్స్ సీళ్ళు మాత్రం కొత్తవాటికి దగ్గరగా ఉన్నాయి. పెట్రోల్‌లో గాలన్‌కి దాదాపు 30 మిల్లీలీటర్ల టూ-స్ట్రోక్ ఆయిల్ కలపడం, ఒక్క ఫ్లైట్ కూడా ఎయిర్ ఫిల్టర్ లేకుండా ఎగరకపోవడం, ఈ రెండే కారణమని నా నమ్మకం.

ఇన్‌టేక్, అంటే ఇంజిన్ పీల్చే గాలి దారి, కథ చిన్నదే, కానీ ఇష్టంగా చెబుతాను. మొదట పొట్టి మానిఫోల్డ్ (ఇంజిన్లోకి గాలిని పంచే గొట్టాలు), కౌలింగ్ లోపలి గాలి. ఎక్కేటప్పుడు బయట 35 డిగ్రీలుంటే మానిఫోల్డ్‌లోకి పోయే గాలి 60. ఆ తేడాకి గాలి సాంద్రత ఎనిమిది శాతం పోయినట్టే, పవర్ కూడా దాదాపు అంతే.

ఆ గొట్టాల (రన్నర్ల) పొడవు విషయానికొస్తే, 13బిలో ఒక రోటర్ ఇన్‌టేక్ తెరుచుకున్నప్పుడు పుట్టే ఒత్తిడి తరంగం రన్నర్ల మీదుగా రెండో రోటర్ దగ్గరికి, దాని పోర్టు మూసుకునే వేళకి చేరితే ఇంకాస్త గాలిని లోపలికి తోస్తుంది. మాజ్దా వాళ్ళే కారులో ఈ కిటుకు వాడారు. నా ఇంజిన్ పోర్టుల లెక్కలో ఆ మధ్య కాలం షాఫ్ట్ తిరుగుడులో సుమారు 110 డిగ్రీలు. 5,800 ఆర్‌పీఎం దగ్గర అది మూడు మిల్లీసెకన్ల పైచిలుకు. ధ్వని ఆ కాలంలో 110 సెంటీమీటర్లు పోతుంది. ఒక్కో రన్నర్‌కి 55. కారు అన్ని వేగాల్లో లాగాలి. 1991లో లె మాన్ కార్ల రేసు గెలిచిన మాజ్దా 787బి అయితే నడుస్తుండగానే పొడవు మారే ఇన్‌టేక్ గొట్టాలు పెట్టుకుంది. విమానానికి ఆ బాధ లేదు, 5,400 నుంచి 6,200 మధ్యే జీవితమంతా. ఒక్క పొడవు ఎంచుకుని స్థిరంగా వెల్డింగ్ చేయించేయొచ్చు.

ఒకేలా చల్లగా ఉన్న ఉదయాల్లో, విమానాన్ని కట్టేసి, ఫుల్ థ్రాటిల్లో కొలిచాను. పాత మానిఫోల్డ్‌తో 5,300 ఆర్‌పీఎం. పొడవు రన్నర్లతో 5,380. కౌలింగ్ ముందు నుంచి నేరుగా చల్లగాలి తెచ్చాక 5,450. అంకెలు చిన్నవిగా కనిపిస్తాయి. కానీ ఫిక్స్‌డ్ పిచ్ ప్రొపెల్లర్ మింగే పవర్ ఆర్‌పీఎం ఘనాన్ని బట్టి పెరుగుతుంది, అంటే మొత్తం మీద ఎనిమిది తొమ్మిది శాతం. ఫిల్టర్ మూసుకుపోతే తెరుచుకునే ప్రత్యామ్నాయ గాలి తలుపు తప్పనిసరి. పొడవు రన్నర్లకి ఆసరా కూడా ఇవ్వండి. నాది 220 గంటల దగ్గర ఫ్లాంజ్ వెల్డింగ్ వద్ద చీలింది, ఇంజిన్ వణుకు వల్ల కాదు, థ్రాటిల్ బాడీ బరువు చివరన వేలాడటం వల్ల. ఒక చిన్న బ్రాకెట్‌తో సమస్య తీరింది.

ఎగ్జాస్ట్ శబ్దం, వేడి రెండూ నిజంగా ఎక్కువే. హీట్ షీల్డుల మీద పొదుపు చేయొద్దు. పెట్రోల్ ఖర్చు, పక్క హ్యాంగర్లో లైకమింగ్ ఉన్న ఆర్వీ కంటే గంటకి దాదాపు ఒక గాలన్ ఎక్కువ. వణుకు లేకపోవడం మాత్రం మాటల్లో పెట్టలేను. రెండు గంటలు ఎగిరి దిగాక ఒళ్ళు అలిసినట్టుండదు.

కట్టడం ఇష్టమున్నవాళ్ళకి ఇది నా మనస్ఫూర్తి సిఫారసు. ఎగరడం మాత్రమే ఇష్టమైతే లైకమింగ్ కొనుక్కోండి, రెండేళ్ళు ముందే గాలిలో ఉంటారు.

మొన్న ఆగస్టులో 39 డిగ్రీల ఎండలో మా అబ్బాయితో, నిండు ట్యాంకులతో ఎక్కాను. 6,500 అడుగుల దాకా ఆగకుండా. కూలెంట్ 96 దాటలేదు, ఆయిల్ 97 దగ్గర నిలబడింది. ముక్కు దించి, కౌల్ ఫ్లాప్ మూయమని వాడికి చెప్పాను.