సూడాన్ సిపాయిల కోసం లండన్ వెళితే మాకే టోపీ పెట్టారు

165 పౌండ్లు. పౌండు 110 రూపాయల లెక్కన 18,150 రూపాయలు. ఎనిమిది సీసం బొమ్మలకూ ఒక ఎర్ర అట్టపెట్టెకూ లండన్‌లో ఒక ఆదివారం బొమ్మల సంతలో పోసిన డబ్బు అది. మూత మీది లేబుల్‌లో ‘సూడాన్ డెర్విష్‌లు, 1898’ అని ఉంది. బొమ్మలు బ్రిటన్స్ అనే ఇంగ్లీషు బొమ్మల కంపెనీవే, పాతవే, అందులో మోసం లేదు. కానీ అవి డెర్విష్‌లు కావు. డెర్విష్‌లంటే 1880లు, 90లలో సూడాన్‌లో బ్రిటిష్, ఈజిప్టు సైన్యాలతో పోరాడినవాళ్లు, మహదీ అనే మతనాయకుడి అనుచరులు. లేబుల్ పాతది కాదు. ఎనిమిదింట్లో మూడింటి తలలు అగ్గిపుల్లల మీద నిలబడి ఉన్నాయి. సైనికుల టోపీలు చూడ్డానికి వెళ్లినవాళ్లకే టోపీ పెట్టి పంపాడన్నమాట అమ్మిన పెద్దమనిషి. ‘ముందే చెప్పానుగా’ అని మా బావ అయిదు రోజులూ అనలేదు. ఆ మౌనం ఇంకా కష్టం.

ఎక్కడ పొరపాటు జరిగిందో చెప్పాలంటే బ్రిటన్స్ సెట్ నంబర్ల దగ్గర మొదలుపెట్టాలి. ఈ కంపెనీ 1893లో డొల్ల పోత పద్ధతి పట్టుకొచ్చింది. కరిగిన సీసం మిశ్రమాన్ని అచ్చులో పోసి, అంచులు గట్టిపడగానే లోపల మిగిలిన ద్రవాన్ని బయటికి ఒంపేస్తారు. బొమ్మ బోలుగా, తేలిగ్గా, చవగ్గా వస్తుంది. ఎత్తు 54 మిల్లీమీటర్లు. కాల్బలం అయితే పెట్టెకు ఎనిమిది, రౌతులు అయితే అయిదు. 1966 దాకా సీసంలో చేశారు. సూడాన్ పోరాటాలకు నిజంగా సరిపోయే పాత సెట్లు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు: 48 ఈజిప్షియన్ ఒంటె దళం, 94 ఖాకీలో 21వ లాన్సర్లు (బల్లెం పట్టిన బ్రిటిష్ రౌతులు), 115 ఈజిప్షియన్ రౌతులు, 116 సూడానీ కాల్బలం, 117 ఈజిప్షియన్ కాల్బలం. 1898లో బ్రిటిష్ సేనాని కిచెనర్ వెంట మహదీ పక్షంతో తలపడడానికి ఓమ్‌దుర్మాన్ వెళ్లిన సైన్యంలో ఎక్కువమంది ఈజిప్షియన్లూ సూడానీలే కాబట్టి 116, 117 లేకుండా ఆ యుద్ధాన్ని బల్ల మీద పరవడం కుదరదు. వాటిని గుర్తుపట్టడానికి తల చూడండి. అంచు లేని ఎర్ర ఫెజ్ టోపీ ఉండాలి.

శత్రుపక్షం దగ్గరే చిక్కు. ఆ కంపెనీ 164, 187, 193 నంబర్లతో చేసినవి ఎడారి అరబ్బులు. గుర్రం మీద ఒకటి, కాలినడకన ఒకటి, ఒంటె మీద ఒకటి. మాకు అంటగట్టింది 187. ఒంటినిండా కప్పుకున్న దుప్పటిలాంటి వస్త్రం, చేతిలో పొడవాటి నాటు తుపాకీ. మహదీ అనుచరులు వేసుకున్నది అది కాదు, అతుకులు వేసిన జిబ్బా. మన జుబ్బా, ఆ జిబ్బా ఒకే అరబ్బీ మాట. 1880లలో పేదరికానికి గుర్తుగా వేసిన మోటు అతుకులే 1898 నాటికి నల్లగా, నీలంగా, ఎర్రగా తీర్చి కుట్టిన చదరాలయ్యాయి. బొమ్మ మీద అతుకు లేదంటే అతను అన్సార్, అంటే మహదీ మనిషి, కాడు. ఈ ఒక్క ముక్క ముందే తట్టి ఉంటే 165 మిగిలేవి. అదే హాల్లో నాలుగు బల్లల అవతల అవే ఎనిమిది అరబ్బులు, పెట్టె లేకుండా, 48 పౌండ్లకు ఉన్నాయి.

ఇక లేబుల్. పాత పెట్టె మీద కొత్త కాగితం అంటించడం ఈ వ్యాపారంలో పాత విద్యే. తెలుసుకోవడం తేలిక. జేబులో పట్టే అతినీలలోహిత టార్చి 6 పౌండ్లకు దొరుకుతుంది. 1950ల తర్వాతి కాగితాల్లో తెలుపు కోసం కలిపే రసాయనం ఆ వెలుతురులో నీలంగా భగ్గుమంటుంది, పాత కాగితం మట్టిరంగులో నిద్రపోతుంది. హోటల్ గదిలో దీపం ఆర్పి వెలిగించగానే మా లేబుల్ ట్యూబ్‌లైట్‌లా వెలిగింది. పది రెట్ల భూతద్దం పెడితే అక్షరాల అంచుల్లో ప్రింటర్ చుక్కలు కూడా కనబడ్డాయి. అదే టార్చి బొమ్మ మీద వేస్తే తర్వాత పూసిన రంగు, కొత్త జిగురు చాలాసార్లు చుట్టుపక్కల రంగు కంటే వేరుగా కనబడతాయి. సంతలో టార్చి తీస్తే అమ్మేవాడు మొహం మాడ్చుకుంటాడు. మాడ్చుకోనివ్వండి. మాడ్చుకున్నవాడి దగ్గర అసలే కొనకండి.

మెడ సంగతి ఇంకా సులువు. బోలు బొమ్మకు మొట్టమొదట విరిగేది తలే. పిల్లలు ఆడుకునే రోజుల్లో విరిగిన మెడలో అగ్గిపుల్ల ముక్క దూర్చి తల మళ్లీ కూర్చోబెట్టేవారు. అది నాటి ఇంటివైద్యం, తప్పు కాదు. అది దాచి పూర్తి ధరకు అమ్మడం తప్పు. తలను వేలితో మెల్లగా తిప్పి చూడండి. గట్టిగా ఉన్నా కాలర్ దగ్గర రంగులో సన్నని వలయం కనబడితే అతుకే. తర్వాత భుజం: చెయ్యి కదిలే బొమ్మల్లో మేకులాంటి మొన మీద చెయ్యి తిరుగుతుంది, అది వదులైతే చెయ్యి ఎప్పుడో మార్చారు. ఆపైన బొమ్మ కాళ్ల కింది పీట. గుండ్రటి అంచుల కోలపీట మొదటి కాలానిది, చదరపుది తర్వాతిది. ఒకే పెట్టెలో రెండు రకాలూ ఉంటే ఆ పెట్టెను ఎవరో తర్వాత నింపారు. ఒంటెల్లో మొదటి రకానికి తోక మెలి తిప్పిన తీగతో ఉంటుంది. ఆ తోక అసలుదేనా, సైకిల్ తీగా అన్నది మొదట చూసుకోవాలి. ఒంటె కాళ్లు సన్నం, అక్కడ అతుకు లేనిది అరుదు. ఇక గట్టి పోత బొమ్మ చేతిలో పెడితే బరువు చెబుతుంది. బోలు బొమ్మలో లోహం ఒంపిన చిన్న రంధ్రం ఎక్కడో ఉంటుంది. అది లేక బరువుగా ఉంటే పాత బొమ్మను అచ్చు తీసి పోసిన నకలు.

ఇంకో రకం మోసం ఉంది, ఇది కొంత తెలియనితనమే. 1899లో మొదలైన బోయర్ యుద్ధం బొమ్మలను ‘సూడాన్’ అని అమ్ముతారు. ఒక పక్క అంచు పైకి మడిచిన టోపీతో ఖాకీ సైనికుడు కనబడితే అతను దక్షిణాఫ్రికా మనిషి. ఖార్తూమ్‌లో మహదీ ముట్టడిలో చిక్కుకున్న బ్రిటిష్ జనరల్ గార్డన్‌ను విడిపించడానికి 1884-85లో వెళ్లిన బ్రిటిష్ ఒంటె దళానికైతే ఖాకీ కూడా కాదు, బూడిదరంగు సెర్జ్ (ఉన్ని గుడ్డ) కోట్లు. తెల్ల హెల్మెట్లకు మరకపూసి గోధుమరంగు చేసుకున్నారు. 48వ సెట్టు ఈజిప్టు దళం కాబట్టి, ఆ బ్రిటిష్ దళం దారిలో చేసిన అబూ క్లియా యుద్ధానికి (17 జనవరి 1885) పెట్టుకుంటే అన్యాయమే. ఆ రోజు గార్డ్‌నర్ మరతుపాకీ మొరాయించి, బ్రిటిష్ వాళ్ల చతురస్ర వ్యూహం మూల విరిగింది. తర్వాత తొమ్మిది రోజులకు ఖార్తూమ్ పడింది, గార్డన్ చనిపోయాడు. విడిపించడానికి వెళ్లిన పడవలు చేరేసరికి రెండు రోజులు ఆలస్యం.

హోటల్ గురించి రెండు ముక్కలు, లేకపోతే బావ ఊరుకోడు. ప్యాడింగ్టన్ స్టేషన్ పక్కన రాత్రికి 94 పౌండ్లు, అయిదు రాత్రులకు 470. గది నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు. ‘అల్పాహారం ఉచితం’ అంటే చల్లారిన టోస్టు, పొట్లం జామ్. ఇది సహించొచ్చు. సహించరానిది ఖాళీ చేసిన రోజు సామాను దాచినందుకు సంచికి 5 పౌండ్లు అడగడం, పైగా ‘పెళుసు వస్తువులకు బాధ్యత లేదు’ అని ఒక కాగితం మీద సంతకం పెట్టించుకోవడం. పాత బొమ్మలు కొనే ఉద్దేశం ఉన్నవాళ్లు లాకర్ ఉన్న గది తీసుకోండి, పది పౌండ్లు ఎక్కువైనా. అక్కడి నుంచి ఎడ్జ్‌వేర్ రోడ్డు నడక దూరం. ఒక చిన్న తిండి దుకాణంలో ఫూల్ తిన్నాం: నానబెట్టి రాత్రంతా ఉడికించిన బాకలా చిక్కుడు గింజలు, మెదిపి, జీలకర్ర, నూనె, నిమ్మరసం, ఉల్లిముక్కలు, పక్కన వేడి రొట్టె. ఇద్దరికీ 15 పౌండ్లు. సూడాన్‌లో, ఈజిప్టులో పొద్దున్నే తినేది ఇదే. ఆ ఒక్క పూట బావ నవ్వాడు, మర్నాడు మళ్లీ అక్కడికే తీసుకెళ్లాడు.

నగరంలో తిరగడానికి బ్యాంకు కార్డే గేటు మీద ఆనిస్తే చాలు, మధ్య మండలాల్లో ఒక్కొక్కరికి రోజుకు తొమ్మిది పౌండ్లు దాటలేదు. చెల్సీలోని నేషనల్ ఆర్మీ మ్యూజియం ఉచితం, స్లోన్ స్క్వేర్ నుంచి నడవొచ్చు, సోమవారం వెళ్లకండి. బెత్నల్ గ్రీన్‌లోని యంగ్ వీ అండ్ ఏ మ్యూజియం పిల్లలకు బాగుంటుంది, మన పనికి అంతగా కాదు. థేమ్స్ ఒడ్డున విక్టోరియా ఎంబాంక్‌మెంట్‌లో గార్డన్ నిలువు విగ్రహం ఉంది, 1888 నాటిది, దారిలో చూసేయండి. శనివారం పోర్టబెల్లో రోడ్డుకు ఎనిమిదింటికల్లా వెళ్లాలి. పది దాటితే బొమ్మలు కనబడవు, జనం కనబడతారు.

బ్రిటిష్ మ్యూజియం సంపదలో ఒక సూడాన్ చీలిక డోలు ఉంది, దూడ ఆకారంలో మొద్దును తొలిచి చేసింది. ఒంటి పక్కన ఇస్లామీ నగిషీ, తోక దగ్గర బ్రిటిష్ కిరీటం గుర్తు. ఓమ్‌దుర్మాన్ తర్వాత కిచెనర్ దాన్ని విక్టోరియా రాణికి పంపాడు. ఎవరి చేతిలో పడితే వాళ్లు తమ ముద్ర వేసిన మొద్దు. మా పెట్టె మీది లేబుల్ కూడా అదే పని చేసింది, మర్యాద తక్కువగా.

మనసు నిండింది మాత్రం గిల్లింగ్‌హమ్‌లో. కెంట్‌లోని ఈ ఊరికి సెయింట్ పాంక్రాస్ నుంచి వేగం రైలు గంట లోపే. ఇద్దరికీ రానుపోను 51 పౌండ్ల 40 పెన్నీలు. స్టేషన్ నుంచి ఇరవై నిమిషాల నడక. రాయల్ ఇంజనీర్స్ మ్యూజియంలో గార్డన్ ఖార్తూమ్ కంటే ముందు చైనాలో పనిచేసినప్పటి దుస్తులు, వస్తువులు ఉంటాయి. అతను ఇంజనీరు కాబట్టి ఇది అతని పుట్టిల్లు. పక్క బ్యారక్‌లో ఒంటె మీద గార్డన్ విగ్రహం ఉంది. దాని రెండో పోత కొన్నాళ్లు ఖార్తూమ్‌లో నిలబడి, సూడాన్‌కు స్వాతంత్ర్యం వచ్చాక ఇంగ్లండు చేరింది. ఒంటె జీను, కళ్లెం తాళ్లు, కుచ్చులు ఎలా వేలాడతాయో ఫొటోలు తీసుకోండి. బొమ్మల రంగు మార్చుకునేవాళ్లకు అంతకంటే మంచి నమూనా దొరకదు.

మనవాళ్ల లంకె కూడా ఇంజనీర్లతోనే. సూడాన్ తీరంలోని సువాకిన్ రేవు దగ్గర టోఫ్రెక్‌లో, 22 మార్చి 1885న, బ్రిటిష్ సైన్యం ముళ్లకంప దడి కడుతుండగా మహదీ పక్షాన పోరాడే హదెందోవా తెగ వీరులు వచ్చిపడ్డారు. ఆ దడి కట్టే పనిలో మద్రాసు సాపర్లూ (సైన్యంలో ఇంజనీరు పని చేసే సిపాయిలు) ఉన్నారు. తెలుగు, తమిళ జిల్లాల నుంచి చేరిన దళం అది, ఇప్పుడు బెంగళూరు కేంద్రం. టోఫ్రెక్ వాళ్ల యుద్ధ గౌరవాల్లో ఒకటి. గడ్డపార, పలుగు పట్టుకున్న సాపరు బొమ్మను తయారుచేసుకోవాలంటే పాత సీసం బొమ్మను పాడుచేయకండి. ఆర్మీస్ ఇన్ ప్లాస్టిక్ అనే కంపెనీ వాళ్ల ఈజిప్ట్-సూడాన్ ప్లాస్టిక్ బొమ్మల పెట్టెలు చవక, కోసి అతకడానికి జంకు ఉండదు. ఇప్పటి డబ్ల్యు. బ్రిటన్ వాళ్ల ‘వార్ అలాంగ్ ద నైల్’ వరసలోవి అందంగా ఉంటాయి కానీ కొలత పెద్దది, పాత 54 మిల్లీమీటర్ల పక్కన పెడితే అన్నాతమ్ముల్లా కాకుండా తండ్రీకొడుకుల్లా కనబడతారు. పెర్రీ కంపెనీవి 28 మిల్లీమీటర్లు, అది వేరే లోకం. యుద్ధం జరిగిన చోటికే పోదామనుకునేవాళ్లకు ఒక్క మాట: 2023 ఏప్రిల్ నుంచి సూడాన్‌లో జరుగుతున్న యుద్ధం బొమ్మలాట కాదు, ఖార్తూమ్ ప్రయాణం ఇప్పుడు తలపెట్టకండి.

తిరుగు ప్రయాణంలో బొమ్మలు చేతిసంచిలోనే ఉండాలి. ఒక్కో బొమ్మను ఆమ్లం లేని పలచని కాగితంలో చుట్టి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో, మెడల మీద బరువు పడకుండా పడుకోబెట్టాలి. సీసం ఎక్స్‌రేలో నల్లటి ముద్దలా కనబడుతుంది, సంచి విప్పమంటారు. అందుకే టేపు వేయకండి, పైన రసీదు పెట్టండి. రసీదు మీద సెట్ నంబరు, ‘మరమ్మతు లేదు’ అన్న మాట అమ్మేవాడి చేతనే రాయించుకోవాలి. మేం రాయించుకోలేదు. మర్నాడు ఫోన్ చేస్తే ‘చూసుకునే కొన్నారుగా’ అన్నాడు.

ఇంటికొచ్చాక ప్లైవుడ్ బీరువాలో పెట్టొద్దు. టేకు, ఓకు, ఎండీఎఫ్, కొత్త అట్టపెట్టె, అన్నిటినుంచీ ఆమ్లపు ఆవిరి వస్తుంది. ఆ ఆవిరి, మన కోస్తా గాలిలోని తేమ కలిసి సీసాన్ని తెల్లటి పొడిగా మారుస్తాయి. అది విషం, ఊదకండి, గీకకండి, తడిగుడ్డతో తుడిచి చేతులు కడుక్కోండి. ఇనుప చట్రం, గాజు అరలు, మూలన సిలికా జెల్ పొట్లాలు, నెలకోసారి పొట్లాలు ఆరబెట్టడం. పాత పెట్టెను వేరే అరలో ఉంచాలి. మా అరబ్బులు ఇప్పుడు గాజు అరలో ఉన్నారు, పక్కన చీటీ మీద 187 అని నంబరు రాశాం. కొత్త లేబుల్‌ను వేడినీళ్ల ఆవిరి పట్టి ఊడదీశాడు బావ. కింద అసలు లేబుల్ ఆనవాలు లేదు, ఒక మూల పాత ఎర్ర కాగితం మాత్రం ఉంది.