'ఇంట్లోనే ప్రశాంతమైన వీడ్కోలు' ప్యాకేజీ కట్టేముందు ఒక్కసారి ఇది చదవండి

హైదరాబాద్‌లో ముసలి కుక్కో పిల్లో ఉన్నవాళ్ళందరికీ చెప్తున్నా. ఇంకా కోపం దిగలేదు, రాసేది అటూ ఇటూ పోతుంది, సర్దుకుని చదవండి.

పెంపుడు జంతువుల్ని ఇంట్లోనే సాగనంపుతామనే ఒక కంపెనీ గురించి ఇది. ఎవరో మీకే తెలిసిపోతుంది. ఇన్‌స్టాలో తెల్ల దుప్పటి, పక్కన కొవ్వొత్తి, మట్టిలో పాదముద్ర, వెనకాల వేణువు మ్యూజిక్. ఏడవనివాళ్ళకి కూడా ఏడుపొచ్చే రీల్స్. పేరు రాయట్లేదు. "పేరు పెడితే మా లీగల్ టీమ్ నోటీసు పంపిస్తుంది మేడం" అని వాళ్ళే ఎంతో మర్యాదగా మెసేజ్ పెట్టారు. వాళ్ళలో మర్యాద నాకు కనిపించింది ఆ ఒక్క మెసేజ్‌లోనే.

మా పండుకి పదమూడేళ్ళు. స్పిట్జ్. మనవాళ్ళందరూ పామేరియన్ అంటారే, అదే. కిడ్నీలు పోయాయి. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే లెక్క) 6.8 వచ్చింది. కుక్కలకి 1.4 లోపు ఉండాలి, 5 దాటితే ఆఖరి స్టేజి. మా పాత డాక్టరు గారు ఏమీ దాచలేదు. "ఇంక బాగుచేసేదేం లేదమ్మా, ఉన్నన్నాళ్ళు బాధ లేకుండా చూసుకోవడమే" అన్నారు. చర్మం కింద సెలైన్, వాంతులు ఆగే మందు, ఆకలి పుట్టించే మందు, నోట్లో పుళ్ళకి జెల్, కింద మెత్తటి పరుపు. ఇదంతా ఇంట్లోనే జరిగిపోతుంది. ఆయన పెద్దాయన, ఇళ్ళకి రారు. వీడికేమో క్లినిక్ మెట్లు కనబడితే చాలు, వణుకు. ఆఖరి రోజుల్లో కూడా ఆ మెట్ల మీదికి ఈడ్చుకెళ్ళడమెందుకని ఈ ప్యాకేజీ తీసుకున్నాం.

పద్నాలుగు వేలు, మొత్తం ముందే. రోజూ మనిషి వస్తాడు, 24 గంటలూ డాక్టరు ఫోన్లో ఉంటారు, "ఆ సమయం" వచ్చినప్పుడు ఇంట్లోనే, మన ఒళ్ళోనే, నొప్పి తెలియకుండా. నేను డబ్బులు కట్టింది ఈ చివరి ముక్క కోసమే. మిగతావి మా అక్క చేసుకోగలదు, స్టాఫ్ నర్సు కదా.

మొదట్లో అంతా బాగానే ఉంది. ఒకమ్మాయి ట్యాబ్ పట్టుకొచ్చి పండుకి ఫోటోలు తీసింది, మమ్మల్ని "పెట్ పేరెంట్" అంది, నాన్న మురిసిపోయారు. "డాక్టరు గారు" వీడియో కాల్లో వచ్చారు, కెమెరా ఆఫ్. ఆ అమ్మాయి నొప్పికి డ్రాప్స్ ఇచ్చి వెళ్ళింది. అక్క సీసా తిప్పి చూసింది. మెలాక్సికామ్. "కిడ్నీలు పోయినదానికి ఇదేంటే?" అంది. పాత డాక్టరు గారికి ఫోన్ చేస్తే, "ఒక్క చుక్క కూడా వెయ్యకండి, ఉన్న కాస్త కిడ్నీ కూడా దెబ్బతింటుంది" అన్నారు. అదే వాళ్ళకి చెప్తే వచ్చిన జవాబు: "అది మా జనరల్ ప్రోటోకాల్ మేడం." రిపోర్టులన్నీ వాట్సాప్‌లో పంపించాం, బ్లూ టిక్ కూడా పడింది. ఎవరు చదివారో ఆ దేవుడికే తెలియాలి.

అప్పుడే మెడపట్టి గెంటాల్సింది. నేను మహా తెలివైనదాన్ని కదా, "పోనీలే, డబ్బులు కట్టేశాంగా" అనుకున్నాను.

ఇక ఆ రాత్రి. ఒంటిగంట దాటాక పండుకి ఫిట్స్ మొదలయ్యాయి. కాళ్ళు కొట్టుకోవడం, నోట్లోంచి నురగ, కాసేపు ఆగడం, మళ్ళీ మొదలు. 24 గంటల నంబరు మోగుతూనే ఉంది. చివరికి ఎవరో నిద్రమత్తులో ఎత్తారు. విషయమంతా విన్నాక ఆ మనిషి నోటివెంట వచ్చిన మొదటి మాట: "నైట్ విజిట్ ప్యాకేజీలో రాదు మేడం, 4,500 ఎక్స్‌ట్రా. ఫోన్‌పే చేసి స్క్రీన్‌షాట్ పెట్టండి, వెంటనే అలాట్ చేస్తాం."

ఒక చెయ్యి పండు తల కింద, ఇంకో చేత్తో పిన్ కొడుతున్నాను. తప్పు పిన్ పడింది. నాన్న పక్కనుంచి "వాడు అడిగింది పడెయ్యమ్మా ముందు" అంటున్నారు. పడేశాను.

బైక్ మీద ఒక కుర్రాడొచ్చాడు, ఒంటరిగా.

"డాక్టరు గారేరి?"

"సార్ లైన్లో ఉంటారు మేడం."

లైన్లో ఎవరూ లేరు. చెప్పులు కూడా విప్పకుండా హాల్లోకొచ్చి, టీపాయ్ మీద బ్యాగ్ పెట్టి, ఆంప్యూల్ విరిచి సిరంజిలోకి లాగుతున్నాడు. పండు వైపు చూడలేదు. సంతకం చెయ్యమని కాగితం లేదు, గుండె మీద స్టెత్ పెట్టడం లేదు. అక్క ఆ ఆంప్యూల్ తీసి లైటు కింద పెట్టి చదివింది. పొటాషియం క్లోరైడ్.

"ముందు మత్తు ఇంజెక్షనేది?" అనడిగింది.

"ఆల్రెడీ డల్‌గానే ఉంది కదా మేడం. సెడేషన్ కావాలంటే దానికి వేరే ఛార్జి, ఇప్పుడైతే స్టాక్ లేదు."

"మెలకువగా ఉన్నదానికి ఇది ఎక్కిస్తావా? ఎంత నరకమో తెలుసా నీకు?"

దానికి వాడన్న మాట ఇది. ఒక్క అక్షరం కూడా మార్చట్లేదు.

"ఎలాగూ పోయేదే కదా మేడం."

విసుక్కుంటూ కూడా అనలేదు. కూరగాయలవాడు "వంకాయలు అయిపోయాయమ్మా" అన్నంత మామూలుగా అన్నాడు. పండు అప్పుడు కళ్ళు తెరిచే ఉన్నాడు. ఫిట్ తగ్గి, నాన్న మోకాలి మీద గడ్డం ఆనించుకుని, హాల్లోకి వచ్చిన కొత్త మనిషి వైపు చూస్తున్నాడు. ఆ మనిషికి తోక ఊపాడండీ. పైకి లేవలేని కుక్క, తోక చివర మాత్రం రెండుసార్లు కదిలించాడు. వాడి చేతిలో ఆ సిరంజి.

మా నాన్న గొంతెత్తడం నేను పుట్టి బుద్ధెరిగాక వినలేదు. "బయటికి నడువు" అన్నారు. వాడు బ్యాగ్ సర్దుకుని, గుమ్మం దగ్గర ఆగి ఫోన్ నా ముందు పెట్టాడు. "సర్వీస్ కంప్లీటెడ్ అని ఇక్కడ ఒక సైన్ చెయ్యండి మేడం. విజిట్ అయింది కాబట్టి రీఫండ్ రాదు." చెయ్యలేదు. విరిచిన ఆంప్యూల్ టీపాయ్ మీదే మర్చిపోయి పోయాడు, అది నా దగ్గరే భద్రంగా ఉంది.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా. పొటాషియం క్లోరైడ్ గుండెని ఆపేస్తుంది. జంతువు పూర్తిగా స్పృహ లేనంత మత్తులో ఉంటేనే అది వాడొచ్చని అమెరికా వెటర్నరీ మెడికల్ అసోసియేషన్ మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. మెలకువగా ఉన్నదానికి ఎక్కిస్తే దానికంతా తెలుస్తూనే ఉంటుంది. మన దేశంలో వీధికుక్కల కోసం పెట్టిన 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) రూల్స్‌లో కూడా, నయంకాని జబ్బుతో ఉన్నదాన్ని అర్హత ఉన్న వెటర్నరీ డాక్టరే, సోడియం పెంటోబార్బిటాల్ అనే మత్తుమందు నరంలోకి ఇచ్చిగానీ ఆమోదించిన మరో మానవీయ పద్ధతిలోగానీ సాగనంపాలని రాశారు. వీధిలో పుట్టినదానికి ఇన్ని రూల్స్. పద్నాలుగు వేల ప్యాకేజీ కుక్కకి మాత్రం స్టాక్ లేదు.

కారెక్కించి నాగోలు వైపు రాత్రంతా తెరిచి ఉండే క్లినిక్‌కి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ చిన్నావిడే. పండుకి మెట్లంటే భయమని చెప్పగానే తనే కిందికి దిగొచ్చింది. వెనక సీట్లో, నాన్న ఒళ్ళోనే చూసింది. ఫారం చదివి వినిపించి సంతకం తీసుకుంది. ముందు కండలోకి మత్తు. వాడు గాఢంగా నిద్రపోయేదాకా ఆగింది. కంటిరెప్ప ముట్టుకుని కదలట్లేదని చూశాకే ముందుకాలి నరానికి సూది పెట్టింది. "కళ్ళు తెరుచుకునే ఉండొచ్చు, ఒకటి రెండు శ్వాసలు వచ్చినట్టు అనిపించొచ్చు, ఒంటికి పోవచ్చు, కంగారు పడకండి, వాడికేం తెలియదు" అని ముందే చెప్పింది. అయ్యాక స్టెత్‌తో చాలాసేపు విని, అప్పుడు మా వైపు చూసి తల ఊపింది. ఆవిడ తీసుకున్నది వీళ్ళు నైట్ విజిట్ పేరుతో లాగినదాంట్లో సగం కూడా లేదు.

తెల్లారాక ఫతుల్లగూడలో జంతువుల దహనవాటికకి తీసుకెళ్ళాం. అక్కడ పనులు జరుగుతుండగా నా ఫోన్ మోగింది. వీళ్ళ మెసేజ్: "పండు ప్రయాణం ప్రశాంతంగా సాగిందని ఆశిస్తున్నాం. మా సేవకి ఐదు స్టార్లు ఇవ్వండి. పాదముద్ర మెమరీ కిట్ కేవలం 1,499." పక్కన ఇంద్రధనస్సు బొమ్మ ఒకటి.

నాలాగా మోసపోకండి. ఎవర్ని పిలిచినా, ఇంటికొచ్చేది ఎవరు, వాళ్ళ వెటర్నరీ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరెంత అని ముందే అడగండి. 1984 వెటర్నరీ కౌన్సిల్ చట్టం ప్రకారం వైద్యం చెయ్యాల్సింది రిజిస్టరయిన డాక్టరే. పారావెట్లు (పశువైద్య సహాయకులు) చిన్న చిన్న పనులే చెయ్యాలి, అదీ డాక్టరు పర్యవేక్షణలో. "మొదట మత్తు ఇస్తారా, తర్వాత ఏ మందు?" అనడిగితే నసిగేవాళ్ళని గుమ్మం ఎక్కనివ్వద్దు. రాత్రి ఛార్జీ ఎంతో రాయించుకోండి, మొత్తం డబ్బులు ముందే కట్టొద్దు. పగలైతే నారాయణగూడ ప్రభుత్వ పశువుల ఆస్పత్రి ఉంది, రాజేంద్రనగర్ వెటర్నరీ కాలేజీ ఆస్పత్రి ఉంది. "ఆ సమయం వచ్చిందా లేదా" అని తేల్చుకోలేకపోతే అమెరికా వెటర్నరీ డాక్టర్ ఆలిస్ విల్లలోబోస్ తయారుచేసిన స్కేలు ఉంది. నొప్పి, తిండి, నీళ్ళు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది, ఒక్కోదానికి పదికి మార్కులు వేసుకోవాలి, ఎంత బాగుంటే అంత ఎక్కువ (నొప్పి లేకపోతేనే ఎక్కువ మార్కులు). మొత్తం 35 దాటితే ఇంకా చూసుకోవచ్చు. ఇది నాకు చెప్పింది ఆ రాత్రి డాక్టరమ్మే. ప్యాకేజీ బ్రోషర్లో కొవ్వొత్తి బొమ్మలకే చోటు సరిపోయినట్టుంది.

1915కి ఫోన్ చేసి వినియోగదారుల ఫిర్యాదు పెట్టాను. డాక్టరు మీద వెటర్నరీ కౌన్సిల్‌కి కూడా రాద్దామని కూర్చుని రసీదులు, చాట్లు అన్నీ తిరగేశాను. ఎక్కడా డాక్టరు పేరు లేదు. "మా వెట్ టీమ్" అని ఉంది, అంతే. పేరు చెప్పమని రెండుసార్లు అడిగాను. "అది మా ఇంటర్నల్ పాలసీ మేడం" అన్నారు. మీలో ఎవరికైనా వీళ్ళ రసీదు మీద డాక్టరు పేరు గానీ నంబరు గానీ కనిపించి ఉంటే నాకు పంపండి.