బడిలో ప్లగ్ మీటర్: మూడు నెలలు వాడాక

మా బడి ఎకో క్లబ్ కోసం కొన్న ప్లగ్ మీటర్ గురించి రాస్తున్నాను. సాకెట్‌కీ పరికరానికీ మధ్యలో పెట్టే చిన్న డబ్బా ఇది. ఆ క్షణంలో ఎన్ని వాట్లు లాగుతోందో, మొత్తం ఎన్ని యూనిట్లు కాలిందో చూపిస్తుంది. నేను సైన్సు టీచర్ని, క్లబ్ కూడా నా నెత్తినే ఉంది. కార్బన్ ఫుట్‌ప్రింట్ (మన వాడకం వల్ల గాలిలో కలిసే కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువుల లెక్క) తగ్గించడమంటే అంతకుముందు రెండేళ్లూ మేం చేసింది పోస్టర్లు అంటించడమే.

మొదటి రోజే ఇది మా పరువు తీసింది. ఖాళీ చార్జర్లు తీసేయమని పిల్లలు కష్టపడి గీసిన పెద్ద పోస్టర్ కంప్యూటర్ ల్యాబ్ గోడ మీద ఉంది. దాని కిందే ఫోన్ లేని చార్జర్‌ని మీటర్‌కి పెట్టాం. సున్నా. ఇంకోటి పెట్టాం, అదీ సున్నానే. నిజానికి ఎంతో కొంత లాగుతుంది కానీ, వాటులో పదో వంతు లాంటి లెక్కలు ఈ మీటర్‌కి అందవు. లోపమే అనుకోండి. అయినా పిల్లలు పోస్టర్ వంక, నా వంక చూసిన చూపు మర్చిపోలేను.

తర్వాత పక్కనే ఉన్న కంప్యూటర్. స్క్రీన్‌సేవర్ వస్తే కరెంటు ఆదా అవుతుందని సగం క్లాసు నమ్మకం. మామూలుగా 64 వాట్లు చూపిస్తోంది. స్క్రీన్ మీద చేపలు ఈదడం మొదలయ్యాక కూడా అదే 64. స్లీప్‌లో పెట్టగానే 3కి పడిపోయింది. నేను అరగంట చెప్పినా ఎక్కని పాఠం అక్కడ అర నిమిషంలో ఎక్కింది.

అసలు దొంగ దొరికింది మాత్రం వరండాలో, వాటర్ కూలర్ దగ్గర. శనివారం సాయంత్రం 4కి మీటర్ పెట్టి తాళం వేసుకుని వెళ్లాం. సోమవారం ఉదయం 8కి చూస్తే 5.2 యూనిట్లు. బొగ్గుతో తయారైన కరెంటైతే యూనిట్‌కి సుమారు కిలో కార్బన్ డయాక్సైడ్. లీటరు పెట్రోలు కాలిస్తే వచ్చేది 2.3 కిలోలు. "అంటే మేడం, ఎవరూ తాగని నీళ్ల కోసం రెండు లీటర్ల పెట్రోలు తగలబెట్టామా?" అని తొమ్మిదో తరగతి పిల్ల అడిగింది. లెక్క తనదే, నేను సరిచూశానంతే.

ఇంటికెళ్లేటప్పుడు కూలర్ స్విచ్ "అందరం కట్టేద్దాం" అనుకున్నన్నాళ్లూ ఎవరూ కట్టలేదు. చివరి గంట కొట్టాక కట్టే డ్యూటీ వారానికి ఒకరి పేరు మీద వేశాకే దారిలో పడింది. మొదటి సోమవారం మళ్లీ ఆన్ చేయడం మర్చిపోయి గోరువెచ్చని నీళ్లతో తిట్లు తిన్నాం, అది వేరే కథ.

ఇక చిరాకులు. గోడలోంచి నేరుగా వైరింగ్ ఉన్న సీలింగ్ ఫ్యాన్లనూ ట్యూబ్‌లైట్లనూ ఇది కొలవలేదు. బడిలో ఎక్కువ ఖర్చు అక్కడే ఉంటే ఏం లాభం? వాటికి కాగితం మీదే లెక్క వేశాం. ఒక్కో గదిలో 75 వాట్ల ఫ్యాన్లు నాలుగు. ఇంటర్వెల్‌లోనూ ఆటల పీరియడ్‌లోనూ కలిపి రోజుకు 80 నిమిషాలు ఖాళీ గదిలో తిరుగుతాయి. గదికి 0.4 యూనిట్, ఇరవై గదులకు 8. ఒక్క రోజులోనే కూలర్ శని, ఆదివారాల ఖర్చును దాటేసింది! చివరగా బయటికి వచ్చేవాళ్లు స్విచ్ కట్టడం చాలా గదుల్లో అలవాటైంది. టెన్త్ వాళ్లకు ఇంకా గుర్తు చేయాల్సి వస్తోంది.

డబ్బా వెడల్పు వల్ల పక్క సాకెట్ మూసుకుపోతుంది, పొట్టి ఎక్స్‌టెన్షన్ తప్పదు. కరెంటు పోతే మా మీటర్లో లెక్క చెరిగిపోతుంది. రెండు శనివారాల కష్టం అలాగే పోయింది. మెమరీ ఉన్నది చూసి కొనండి. ఎన్ని ఆంపియర్ల వరకు తట్టుకుంటుందో చూడకుండా ఏసీకి పెట్టనివ్వకండి.

బడికి ఒకటి చాలు. మాది ఇప్పుడు స్టాఫ్ రూమ్‌లోకి రాబోతోంది. అక్కడి ఎలక్ట్రిక్ కెటిల్ మీద పిల్లల కన్ను పడింది, రేపు మధ్యాహ్నం కొలుస్తారట.