.45-70 రైఫిల్‌కు ఏ బుల్లెట్టు? వాడి చూసినవాటిపై నా అభిప్రాయం

ముందుగా నా తీర్పు చెప్పేస్తాను. .45-70 అనే పాతకాలపు లావు తూటాను కాల్చే లీవర్ రైఫిల్‌తో (ట్రిగ్గర్ దగ్గరి లీవరును ఆడించి తూటా ఎక్కించేది) నూట యాభై గజాల లోపల జింకను వేటాడేవారికి 400 గ్రెయిన్ల (సుమారు 26 గ్రాముల) బరువు, చదును మొన, పైన కాస్త సీసం బయటికి కనిపించే మెత్తటి బుల్లెట్టు చాలు. అంతకంటే వేగమైనవీ గట్టివీ ఖరీదైనవీ కొని వాడాను. వాటిలో కొన్ని నిజంగా మంచివి. అయినా సీజన్ దగ్గరపడేసరికి నేను డబ్బాలోంచి తీసేది ఈ పాతకాలపు బరువు బుల్లెట్టునే.

ఇది తెలుగులో రాయడానికి కారణం మా బావ. దేవరకొండ దాటి డిండి వైపు వెళ్లే దారిలో వాళ్ల వేరుశనగ చేను ఉంది. కాయ ఊరే వేళకు అడవి పందులు మందగా దిగి, తెల్లారేసరికి సాళ్లకు సాళ్లు పెళ్లగించి పోతాయి. చుట్టూ పాత చీరలు కట్టారు, మంచె మీద కాపలా పడుకుని డబ్బాలు మోగించారు. నేను అమెరికాలోని ఒహాయోలో జింకల వేటకు వెళ్తాననీ, ఇత్తడి కేసులో మందు పోసి, మూతికి బుల్లెట్టు పెట్టి తూటాలు నేనే నింపుకుంటాననీ బావకు తెలుసు. ఈసారి ఊరికి వచ్చినప్పుడు అడిగాడు: "బామ్మర్దీ, జింకకు అంత లావు గుండు ఎందుకయ్యా? మరి పందికైతే ఏది పనికొస్తుంది?" ఆయనకు చెప్పిన జవాబే, అక్కడ కొత్తగా వేటకు వెళ్తున్న మనవాళ్లకూ పనికొస్తుందనిపించింది.

చట్టం సంగతి మొదట. మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేట నేరం. పంట పాడుచేసే అడవి పందిని కూడా ప్రభుత్వ అనుమతితో, అందుకు ఎంపికైన లైసెన్సుదారు షూటరే కాల్చాలి. ఇంట్లో తూటాలు నింపడం ఆయుధ చట్టం దృష్టిలో తూటాల తయారీయే. లైసెన్సు లేకుండా చేస్తే శిక్ష పడుతుంది. "ఒక్క గుండు తెచ్చి చూపించకూడదా" అన్నాడు బావ. తేలేదు, తేను కూడా. సామానులో ఒక్క తూటా బయటపడినా శంషాబాద్ విమానాశ్రయంలో కేసు పెడతారు. ఫోనులో ఫొటోలు చూపించాను. అమెరికాలోనూ హెచ్-1బి వంటి వీసాల మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి మినహాయింపు లేకపోతే, తుపాకీ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోకూడదు. బుల్లెట్టు, మందు, ప్రైమర్ (కేసు అడుగున ఉండి మందును అంటించేది) విడివిడిగా ఉన్నా అక్కడి కేంద్ర చట్టానికి అవి తూటా కిందే లెక్క. కాబట్టి కింద రాసేదంతా అక్కడి వేట గురించే, అక్కడి లైసెన్సు ఉన్నవారికే.

ఒహాయోలో జింకల తుపాకీ సీజన్‌కు మామూలు వేట రైఫిళ్లు పనికిరావు. ఈ కాలపు రైఫిల్ తూటాల్లో చాలావాటికి సీసాలాగా మెడ సన్నబడి ఉంటుంది. మందు ఎక్కువ, బుల్లెట్టు సన్నం, వేగం విపరీతం. పొలాల మధ్య ఇళ్లున్న ప్రాంతంలో అది ప్రమాదమని, చాలా ఏళ్లు షాట్‌గన్ వంటివాటినే అనుమతించారు. 2014 నుంచి అడుగు నుంచి మూతి దాకా నిటారుగా ఉండే తూటాల రైఫిళ్లనూ ఒప్పుకున్నారు. .45-70 అలాంటిదే. బావకు ఈ కారణం నేను పూర్తిగా చెప్పకముందే అర్థమైంది. ఆయన చేను పక్క చేలోనూ మంచె మీద మనిషి పడుకునే ఉంటాడు మరి.

అలాగని ఈ బరువు బుల్లెట్టు దగ్గర్లోనే పడిపోతుందని ధీమా పడకూడదు. 1879లో అమెరికా సైన్యం శాండీ హుక్ తీరంలో చేసిన పరీక్షల్లో .45-70 బుల్లెట్లు 3,000 గజాలకు పైగా వెళ్లి ఇసుకలో దిగాయి. జింక వెనుక మట్టి గట్టు గానీ కొండ వాలు గానీ కనిపించకపోతే నేను ట్రిగ్గర్ మీద వేలు పెట్టను. ఏ బుల్లెట్టు కొన్నా ఈ మాట మారదు.

ఇక తూటా. 1873లో అమెరికా సైన్యం దీన్ని స్వీకరించినప్పుడు 70 గ్రెయిన్ల నల్లమందు, 405 గ్రెయిన్ల సీసపు బుల్లెట్టు ఉండేవి. 405 గ్రెయిన్లంటే 26 గ్రాములు, మన లెక్కలో రెండు తులాల పైచిలుకు. వేగం సెకనుకు సుమారు 1,300 అడుగులు. ఈనాటి రైఫిళ్లతో పోలిస్తే అది నత్తనడకే. కానీ బుల్లెట్టు వ్యాసం .458 అంగుళాలు, అంటే పదకొండున్నర మిల్లీమీటర్లకు పైగా. తగిలాక పువ్వులా పెద్దగా విచ్చుకోకపోయినా చేసే రంధ్రం చిన్నది కాదు. బావ అడిగిన మొదటి ప్రశ్నకు ఇదే జవాబు. ఇక్కడ పని చేసేది వేగం కాదు. బరువు, మొన వెడల్పు.

మొన ఎందుకు చదునుగా ఉండాలో చాలామంది పట్టించుకోరు. లీవర్ రైఫిల్‌లో తూటాలు నాళిక కింది గొట్టంలో ఒకదాని వెనుక ఒకటి వరుసగా ఉంటాయి. వెనుక తూటా మొన ముందు తూటా ప్రైమర్‌కు ఆనుతుంది. అక్కడ కోసుగా గట్టిగా ఉన్న మొన ఉంటే, రైఫిల్ తన్నినప్పుడు ఆ ప్రైమర్ గొట్టంలోనే పేలవచ్చు. అందుకే నా లీవర్ రైఫిల్, మార్లిన్ 1895 మోడల్‌లో చదును మొనవే వేస్తాను. దీనికి ఒక్కటే మినహాయింపు, హార్నడీ కంపెనీవారి ఎఫ్‌టీఎక్స్ బుల్లెట్టు.

325 గ్రెయిన్ల ఎఫ్‌టీఎక్స్ మొనకు మెత్తటి ప్లాస్టిక్ కొస ఉంటుంది. అది ప్రైమర్‌కు తగిలినా నలుగుతుందే తప్ప గుచ్చుకోదు. గాలిని బాగా కోసుకుపోతుంది కాబట్టి రెండు వందల గజాల దగ్గర దీని గొప్పతనం తెలుస్తుంది. పాత వేగంతో వెళ్లే 405 గ్రెయిన్ల బుల్లెట్టును వంద గజాలకు గురి సరిచేసుకుంటే రెండు వందల గజాల దగ్గర సుమారు రెండు అడుగులు కిందికి దిగుతుంది. ఎఫ్‌టీఎక్స్ అందులో సగం కూడా దిగదు. మొక్కజొన్న కోసేసిన పొలం అంచున కూర్చుని దూరంగా కాల్చేవారికి నేను దీన్నే సూచిస్తాను. సొంతంగా నింపుకునేవారికి మాత్రం ఒక చిక్కుంది. ఈ బుల్లెట్టు ముక్కు పొడవు. మామూలు 2.105 అంగుళాల ఇత్తడి కేసులో పెడితే తూటా మొత్తం పొడవు రైఫిల్ యంత్రానికి ఇమడదు. కేసును 2.040 అంగుళాలకు కత్తిరించాలి. అలా కత్తిరించిన కేసులను మిగతా బుల్లెట్లకు వాడే కేసులతో కలపకూడదు, డబ్బా వేరుగా పెట్టుకోవాలి. అంత ఓపిక లేనివారు దీన్ని ఫ్యాక్టరీ తూటాగానే కొనుక్కోవడం మేలు.

300 గ్రెయిన్ల గుల్ల మొన (మొనలో గుంట ఉండే) బుల్లెట్లు చవక. తన్ను తక్కువ, కొత్తవారి భుజం అలవాటు పడటానికి బాగుంటాయి. రేంజ్‌లో, అంటే గురి సాధన చేసే చోట, ఎన్నయినా కాలుస్తాను. జింక మీద మాత్రం, మార్లిన్ భరించే పూర్తి వేగంతో దగ్గర నుంచి కాలిస్తే మరీ త్వరగా విచ్చుకుంటాయి. భుజం మాంసం గుజ్జయిపోతుంది. తినడానికి వేటాడేవాణ్ని నేను; ఆ నష్టం నాకు నచ్చదు. వేగం తగ్గించి నింపితే ఇదే బుల్లెట్టు మర్యాదగా పని చేస్తుంది. 350 గ్రెయిన్ల చదును మొన దీనికి సరిగ్గా వ్యతిరేకం. రాగి తొడుగు దళసరి, పెద్ద జంతువులకు చేసినది. ఒహాయో జింకకు అంత గట్టిది అక్కర్లేదు.

ఇక నాకు ఇష్టమైనవి. స్పియర్‌వారి 400 గ్రెయిన్ల చదును మొన, రెమింగ్టన్‌వారి 405 గ్రెయిన్ల మెత్తటి మొన. రెండింటికీ తొడుగు పలచన, మొన దగ్గర సీసం బయటికి ఉంటుంది. తక్కువ వేగంలోనూ విచ్చుకోవడానికి ఇదే కారణం. ఈ బుల్లెట్టుతో కాల్చిన జింకల్లో ఎప్పుడూ ఒకటే చూశాను: బుల్లెట్టు ఇటు దూరి అటు బయటికి వెళ్లింది, రెండు వైపులా రక్తం జాడ వదిలింది, మాంసం పాడు కాలేదు. సాయంత్రం వెలుగు పోతున్న వేళ, రాలిన ఆకుల మీద ఆ జాడ ఎంత విలువైనదో వేటకు వెళ్లినవారికి తెలుసు. గాయపడిన ప్రాణిని అడవిలో వదిలేసి ఇంటికి రావడం కన్నా పాపం వేటగాడికి లేదు. బుల్లెట్టు ఎంపిక గురించి నేనింత పట్టుబట్టడానికి కారణం అదే. వేగం పెంచుకోవాలన్న ఆశ ఉంటే మాత్రం వీటి జోలికి రావద్దు. పలచని తొడుగును అతి వేగంగా తోలితే దాని గుణమే పోతుంది.

పోత సీసపు గట్టి బుల్లెట్ల గురించి ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే బావ రెండో ప్రశ్నకు జవాబు అక్కడుంది. సీసంలో తగరం, ఆంటిమొని కలిపి పోసిన 405, 430 గ్రెయిన్ల వెడల్పు చదును మొన బుల్లెట్టు విచ్చుకోదు, ముక్కలు కాదు. ఎముకను దాటుకుని తిన్నగా పోతుంది. పందికి భుజాల మీద దళసరి కవచం లాంటి చర్మం, దాని మీద ఎండిన బురద. మగ పందికి అది మరీ దళసరి. గుండె కూడా జింకకున్న చోటుకన్నా ముందుకు, కిందికి, ముంగాళ్ల మధ్య ఉంటుంది. అక్కడికి చేరాలంటే భుజం ఎముకను దాటాల్సిందే. టెక్సాస్‌లో పంటలు నాశనం చేసే పందుల మీద స్నేహితుడి పొలంలో వాడినప్పుడు ఈ బుల్లెట్టు మీద నాకు నమ్మకం కుదిరింది. అదే బుల్లెట్టును చిన్న జింక పక్కటెముకల మధ్య నుంచి కాలిస్తే విచ్చుకోకుండానే దాటిపోతుంది, జింక చాలా దూరం పరుగెత్తుతుంది. పందికి మేలైనది జింకకు మేలు కాదు.

పోత బుల్లెట్లు కొనేటప్పుడు వ్యాసం చూడాలి. నాళిక లోపలి గాడుల కొలత కన్నా ఒక వెయ్యో వంతు అంగుళం ఎక్కువ ఉండాలి, సాధారణంగా .459 లేదా .460. ఒక చిన్న వ్యాపారి దగ్గర నేను తెప్పించినవి చెప్పిన కొలతకు తక్కువ వచ్చాయి. కొన్ని రౌండ్లకే నాళికలో సీసం పేరుకుని, కాగితం మీద రంధ్రాలు చెల్లాచెదురయ్యాయి. ఆ సీసాన్ని గీకి తీయడానికి ఒక ఆదివారం పూర్తిగా పోయింది. డబ్బా రాగానే మైక్రోమీటర్‌తో కొలవండి.

నింపుకోవడం గురించి ఒక హెచ్చరిక. .45-70కి పుస్తకాల్లో మూడు తరగతుల లెక్కలుంటాయి: 1873 నాటి ట్రాప్‌డోర్ వంటి పాత రైఫిళ్లకు ఒకటి, మార్లిన్ వంటి లీవర్ రైఫిళ్లకు ఒకటి, రూగర్ నంబర్ 1 వంటి బలమైనవాటికి ఒకటి. మూడింటికీ సరిపోయే తూటా చూడటానికి ఒకేలా ఉంటుంది. మూడో తరగతి తూటా మొదటి రకం రైఫిల్‌లోకి వెళ్తే రైఫిల్ పగిలిపోవచ్చు, మనిషి చేయీ కన్నూ పోవచ్చు. ఎవరో చెప్పిన మందు కొలత పట్టుకుని నింపకండి. నేనూ ఇక్కడ కొలతలు రాయను. మీ బుల్లెట్టు తయారీదారు పుస్తకం తెరిచి, మీ రైఫిల్ తరగతి చూసుకుని, అందులోని తక్కువ కొలతతో మొదలుపెట్టాలి. డబ్బా మీద తరగతి, బుల్లెట్టు, తేదీ రాయాలి.

నిటారు కేసు మూతిని బుల్లెట్టు పెట్టేముందు కొద్దిగా విప్పాలి, లేకపోతే మెత్తటి సీసాన్ని మూతి చెక్కేస్తుంది. పెట్టాక బుల్లెట్టు నడుము గాడిలోకి కేసు అంచును గట్టిగా మడిచి నొక్కాలి. గొట్టంలో స్ప్రింగ్ వెనక్కి తోస్తుంటుంది, పైగా రైఫిల్ తన్నినప్పుడల్లా తూటాలు ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. ఆ మడత సరిగ్గా లేకపోతే బుల్లెట్టు కేసులోకి జారిపోయి పీడనం పెరుగుతుంది.

మరో నిటారు తూటా .450 బుష్‌మాస్టర్ ఉన్నవారికి ఈ మడత మాట వర్తించదు. ఆ తూటాకు .45-70కి ఉన్నట్టు అడుగున బయటికి పొడుచుకువచ్చిన అంచు లేదు. కేసు మూతి ఆధారంగానే అది చాంబర్‌లో (నాళిక వెనుక తూటా కూర్చునే చోట) నిలుస్తుంది. మూతిని లోపలికి మడిస్తే ఆ ఆధారమే పోతుంది, తేలికగా నొక్కి వదిలేయాలి. దాని బుల్లెట్టు వ్యాసం కూడా .452, మన .458 కాదు. ఇక .458 విన్‌చెస్టర్ మాగ్నమ్‌కు చేసిన 500 గ్రెయిన్ల బుల్లెట్లు వ్యాసంలో .45-70కి సరిపోతాయి, తక్కువ ధరకు కనిపిస్తే చెయ్యి వెళ్తుంది. అవి ఆఫ్రికా అడవి దున్నలకూ ఏనుగులకూ చేసినవి. మన తూటా ఇచ్చే వేగానికి జింకలో అవి విచ్చుకోవు. ఆ డబ్బుతో రెండు డబ్బాల 400 గ్రెయిన్ల బుల్లెట్లు, ఒకే లాట్ నంబరువి (ఒకే విడతలో తయారైనవి) కొనుక్కోండి. ఒక డబ్బా రేంజ్‌లో రైఫిల్‌ను సరిచేసుకోవడానికి, రెండోది సీజన్‌కు.