యూజబిలిటీ టెస్టింగ్ అని చెప్పి ఉత్త రిపోర్ట్ అంటగడుతున్నారు, అడ్వాన్స్ కట్టే ముందు చూసుకోండి

సొంత యాప్‌కి యూజబిలిటీ టెస్టింగ్ (యాప్ వాడేవాళ్లతో పని చేయించి ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో చూడటం) చేయిద్దామనుకునే చిన్న కంపెనీల వాళ్లు ఇది ఒకసారి చదవండి. మేం ఎరువుల షాపులకు బిల్లింగ్ యాప్ అమ్ముతాం. గుమస్తాలు ఎక్కడ తడబడుతున్నారో తెలుసుకుందామని ఒక ఏజెన్సీకి పని అప్పజెప్పాం (పేరు రాయను, గొడవ ఇంకా తెగలేదు). కొటేషన్‌లో యూజబిలిటీ టెస్టింగ్ అనే ఉంది. చేతికొచ్చింది మాత్రం రంగురంగుల పీడీఎఫ్, అందులో ఒక్క గుమస్తాతో కూడా మాట్లాడినట్టు లేదు.

వాళ్ల డిజైనర్ ఒకాయన ఆఫీసులో కూర్చుని మా స్క్రీన్లు చూసి, యూజబిలిటీ నిపుణుడు నీల్సన్ రాసిన 10 సూత్రాల ఎదురుగా టిక్కులు పెట్టాడు, అంతే. దీన్ని హ్యూరిస్టిక్ ఇవాల్యుయేషన్ అంటారు. పనికిరాని పద్ధతేం కాదు, 1990లో నీల్సన్, మోలిక్ ఇద్దరూ తెచ్చింది, ఖర్చు తక్కువ, త్వరగా అయిపోతుంది. కానీ ఒక్కరు చూస్తే సగటున 35 శాతం లోపాలే దొరుకుతున్నాయని, ముగ్గురి నుంచి ఐదుగురు విడివిడిగా చూడాలని ఆ నీల్సనే చెప్పాడు. పైగా ఎంత మంది చూసినా అది నిపుణుల అంచనాయే. అక్షరాలు చిన్నగా ఉన్నాయని చెప్పగలరు గానీ, రైతు వాపసు తెచ్చిన పురుగుమందు డబ్బా ఎలా ఎక్కించాలో తెలియక గుమస్తా మెనూ అంతా వెతికి చివరికి పుస్తకంలో రాసి పక్కన పెట్టేస్తాడని వాళ్లకెలా తెలుస్తుంది? అది మా వాళ్లు షాపులో పక్కన నిలబడి చూశాకే తెలిసింది.

అసలు మాయ ఎస్‌యూఎస్ (సిస్టమ్ యూజబిలిటీ స్కేల్) స్కోరులో ఉంది. 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన 10 వాక్యాల ఫారం అది, యాప్ వాడినవాళ్లు ఒక్కోదానికి 1 నుంచి 5 దాకా వేస్తే లెక్కగట్టి 0 నుంచి 100 మధ్య స్కోరు ఇస్తారు. మాకు మొదటి పేజీలోనే '81 శాతం' అని పెద్దక్షరాలతో వేశారు. అది శాతమే కాదు, సగటు యాప్‌కి 68 దాకా వస్తుంది. సరే, 81 మంచిదే కదా అనుకుని ఫారాలు ఎవరు నింపారని గట్టిగా అడిగితే, వాళ్ల స్టాఫేనట! ఐదుగురితో 85 శాతం లోపాలు దొరుకుతాయని నీల్సన్ అన్నాడుగా అని మాకే పాఠం చెప్పారు. ఆ లెక్క ఆ యాప్ నిజంగా వాడేవాళ్లతో పని చేయించి పక్కనుండి చూసినప్పటిది సార్, మీ ఆఫీసు పిల్లలు ఫారం నింపితే రాదు.

"లోపాలన్నీ పట్టేశాం" అనే మాట కూడా నమ్మకండి. 1998లో హాట్‌మెయిల్‌ని 9 బృందాలు వేర్వేరుగా పరీక్షిస్తే మొత్తం 310 సమస్యలు తేలాయి, వాటిలో 75 శాతం ఒక్కో బృందానికి మాత్రమే కనబడ్డాయి.

కాబట్టి వర్క్ ఆర్డర్‌లోనే రాయించుకోండి: ఎవరిని కూర్చోబెడతారు, వాళ్ల చేత ఏ పనులు చేయిస్తారు, తెలుగులో అడిగి పైకి మాట్లాడుతూ చేయమనే మనిషి ఉన్నాడా, వాళ్ల అనుమతితో తీసిన రికార్డింగులు మీకిస్తారా. ప్రతి లోపం పక్కనా అది నిపుణుడు ఊహించిందా, వాడుతుండగా చూసిందా అన్నది ఉండాలి. ఎస్‌యూఎస్ చేస్తే నింపిన ఫారాలు కూడా అడగండి, అయినా ఆ స్కోరు ఎక్కడ ఇబ్బందో చెప్పదు, ఇబ్బంది ఏ మేరకు ఉందో చెబుతుందంతే.

మిగతా డబ్బు కట్టమని మాకు ఇంకా మెయిళ్లు వస్తూనే ఉన్నాయి. గుమస్తాలతో చేసిన ఒక్క రికార్డింగ్ అయినా చూపిస్తే ఆ రోజే కడతామని జవాబిచ్చాం.