6317 కోసం ఉట్రెక్ట్, బెల్లో కోసం హోర్న్

ఉట్రెక్ట్ రైల్వే మ్యూజియంలో 6317 నంబరు ఇంజను పక్కన నిలబడితే దాని చక్రాలు నా భుజం దాకా వచ్చాయి. ముందు నాలుగు, మధ్యలో ఎనిమిది, వెనక నాలుగు, మొత్తం పదహారు చక్రాలు. నెదర్లాండ్స్‌లో నడిచిన ట్యాంక్ ఇంజన్లలో ఇంత పెద్దవి వేరే లేవు. ఈ ఒక్కదాన్ని చూడ్డానికే మా ప్రయాణంలో ఉట్రెక్ట్‌ని చేర్చాను.

మనకు అలవాటైన పెద్ద బొగ్గు ఇంజనుకు వెనక టెండర్ ఉంటుంది. బొగ్గూ నీళ్ళూ అందులోనే. ట్యాంక్ ఇంజను ఆ రెండింటినీ తన ఒంటిమీదే మోస్తుంది. 6317కి బాయిలర్‌కి రెండు పక్కలా నీళ్ళ ట్యాంకులు, డ్రైవర్ నిలబడే క్యాబ్ వెనక బొగ్గు గది ఉన్నాయి. అందుకే ఇలాంటివి ముందుకు ఎంత బాగా నడుస్తాయో వెనక్కీ అంతే బాగా నడుస్తాయి. చివరి స్టేషన్లో టర్న్‌టేబుల్ (ఇంజన్ని అటూఇటూ తిప్పే గుండ్రటి వేదిక) మీద తిప్పే పని ఉండదు. నీళ్ళు త్వరగా అయిపోతాయి కానీ, దూరాలు తక్కువగా ఉండే ఆ దేశానికి అది పెద్ద ఇబ్బంది కాలేదు.

దక్షిణాన లింబుర్గ్ గనుల నుంచి బరువైన బొగ్గు రైళ్ళు లాగడానికి 1930, 31లలో జర్మనీ కర్మాగారాల్లో ఈ రకం ఇంజన్లు 22 చేయించారు. ముప్పై ఏళ్ళు కూడా పని చేయకుండానే కరెంటు, డీజిల్ ఇంజన్లు వీటి చోటు తీసుకున్నాయి. 1958 జనవరి 7న ఆ దేశపు రైల్వేలో ఆవిరి ఇంజన్ల కాలం ముగిసింది. ఆ రోజు చివరి రైలు లాగిన 3737 కూడా ఇదే మ్యూజియంలో ఉంది. 22లో మిగిలింది మాత్రం 6317 ఒక్కటే. చక్రాల్ని తిప్పే దాని కనెక్టింగ్ రాడ్ మీద చెయ్యి వేస్తే చల్లగా తగిలింది. చాలాసేపు అక్కడి నుంచి కదల్లేకపోయాను.

మ్యూజియం ఉన్నది మాలీబాన్ అనే పాత స్టేషన్లో. 1874లో కట్టిన ఆ భవనమే చూడముచ్చటగా ఉంటుంది. ఉట్రెక్ట్ సెంట్రల్ నుంచి అక్కడికి చిన్న రైలు నడుపుతారు. నడిచినా అరగంట లోపే. సోమవారాలు చాలావరకు మూసి ఉంటుంది కాబట్టి ముందే చూసుకోండి. పిల్లలున్నవాళ్ళకి పూర్తి రోజు సరిపోతుంది. బస మాత్రం మాకు నచ్చలేదు. స్టేషన్ దగ్గరని తీసుకున్న చిన్న హోటల్లో మెట్లు నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. లిఫ్టు లేదు, సూట్‌కేసులు మోసేసరికి అమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు బుక్ చేసేముందు లిఫ్టు సంగతి తప్పకుండా అడగండి.

మర్నాడు హోర్న్. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి రైల్లో దాదాపు నలభై నిమిషాలు. ఇది పాత ఓడరేవు. డచ్ ఈస్టిండియా కంపెనీ ఆరు శాఖల్లో ఒకటి ఇక్కడే ఉండేది. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు చూసినవాళ్ళకి ఈ ఊరి రేవులో నిలబడితే వాళ్ళ ఓడలు బయల్దేరిన చోట్లలో ఒకటి కనిపిస్తుంది. ఇక్కడ దిగిన ఇల్లు చాలా బాగుంది. రేవు పక్కనే, కింది అంతస్తులోనే గది. శాకాహారులకి చీజ్, బ్రెడ్, పాన్‌కేకులే దిక్కు. మేం పులిహోర పొడి తీసుకెళ్ళాం కాబట్టి బతికాం.

రైల్వే స్టేషన్ పట్టాలకి అవతలి పక్కనే ఆవిరి ట్రామ్ మ్యూజియం ఉంది. అక్కడి నుంచి మెడెంబ్లిక్ అనే ఊరి దాకా సుమారు 20 కిలోమీటర్లు రైలుని నిజంగానే బొగ్గు మీద నడిపిస్తారు. చాలామంది స్వచ్ఛందంగా వచ్చి పనిచేసేవాళ్ళే. బెల్లో అనే 7742 నంబరు ట్యాంక్ ఇంజను ఇక్కడిదే. 1914లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని వెర్క్‌స్పూర్ కర్మాగారంలో తయారైంది. ఆల్క్‌మార్ నుంచి బెర్గెన్ మీదుగా సముద్రతీరానికి జనాన్ని మోసేది. 1955లో ఆ లైను ఎత్తేశారు. 6317 ముందు ఇది బొమ్మలా ఉంటుంది. అయితేనేం, దీనికి ప్రాణం ఉంది.

మేం వెళ్ళిన రోజు బండికి వేరే ఇంజను కట్టారు. బెల్లోని షెడ్డులో చూశాం. నాకు కొంచెం నిరాశే. కానీ చెక్క బెంచీల పెట్టెలో కూర్చుని, కండక్టర్ అట్ట టికెట్‌కి క్లిప్పుతో చిల్లు పెట్టి ఇచ్చేసరికి ఆ బాధ పోయింది. ఫైర్‌మన్ పొయ్యి తలుపు తెరిచినప్పుడల్లా ఎర్రని వెలుగు అతని మోచేతుల మీద పడేది. ఒక్క పార బొగ్గు వేసి వెంటనే మూసేసేవాడు, వేడి బయటికి పోకుండా.

మెడెంబ్లిక్ నుంచి పడవలో ఎంకాయ్‌జెన్ అనే ఊరికి వెళ్ళి, అక్కడి నుంచి మామూలు రైల్లో హోర్న్ తిరిగి రావచ్చు. రోజంతా పడుతుంది. వేసవిలో పడవకి రద్దీ ఎక్కువ, టికెట్లు ముందే తీసుకోండి. మేం తీసుకోలేదు, రేవులో రెండు గంటలు టెన్షన్ పడుతూ కూర్చున్నాం.

ఒక్కరోజే ఉంటే నేను హోర్న్‌కే వెళ్ళమంటాను. రెండు రోజులుంటే మాత్రం ముందు ఉట్రెక్ట్ చూడండి. 6317 ముందు నిలబడి వచ్చాక, ఫైర్‌మన్ పార చప్పుడు ఇంకోలా వినిపిస్తుంది.