చర్మాన్ని ‘ఓదార్చే’ కలబంద జెల్

మే నెల రెండో వారంలో మా అబ్బాయి మెడ, వీపు చెమటకాయలతో పేలిపోయాయి. హైదరాబాద్ నల్లకుంటలో మేముండేది పై అంతస్తు కాబట్టి మధ్యాహ్నం మొదలు రాత్రి పది దాకా స్లాబు సెగ కక్కుతూనే ఉంటుంది. పైగా ఆ వారమంతా సాయంత్రాలు మబ్బు పట్టడమే గాని చినుకు రాలకపోవడంతో, కూలర్ వేసినా ఉక్కపోత తగ్గలేదు. వీధి మలుపులోని మందుల షాపులో అడిగితే, అక్కడి కుర్రవాడు పౌడరు డబ్బా పక్కకు నెట్టి, “సార్, ఇది పెట్టండి, మస్తు పని చేస్తది” అంటూ ఒక కలబంద జెల్ ట్యూబు చేతిలో పెట్టాడు. 150 గ్రాముల ట్యూబు, 185 రూపాయలు. మూడు వారాలు వాడిన మీదట దీని గురించి రాస్తున్నాను. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే లోపం ఆ ఒక్క కంపెనీకి పరిమితమైనది కాదు.

ముందుగా జెల్ సంగతి. మూత తిప్పగానే లేత ఆకుపచ్చ రంగులో, నీళ్లలా జారిపోకుండా, జిగురుగా అంటుకోకుండా బయటికి వస్తుంది. ఆ పచ్చదనం కలబందది కాదు. ఆకు చీల్చి చూసినవారికి తెలుసు, లోపలి గుజ్జు దాదాపు రంగులేనిది, తొక్క కిందనుండే పసుపు రసం వేరు. చేదుగా ఉండే ఆ రసం ఎండితేనే పచారీ కొట్టులో దొరికే ముసాంబరం, అది చర్మానికి పడనివాళ్లు చాలామంది. ట్యూబు వెనుక పదార్థాల జాబితాలో మొదటిది నీరు, తర్వాత గ్లిజరిన్, కలబంద సారం నాలుగో స్థానంలో ఉంది. ఈ జాబితాలు ఎక్కువ పాళ్లలో ఉన్నదాని నుంచి తక్కువ పాళ్లలో ఉన్నదానికి సాగుతాయి గనుక, అట్ట మీద నిండుగా విరిసిన కలబంద మొక్క బొమ్మకు ట్యూబులో ఉన్నదానికి మధ్య దూరం ఎంతో ఊహించుకోవచ్చు.

రాసిన అర నిమిషంలోనే చల్లబడినట్లు అనిపించడం నిజం. ఆ చల్లదనంలో రెండు పాళ్లు ఉన్నాయి. ఒకటి కుండలో నీళ్లు చల్లబడే తీరే: జెల్‌లోని తడి ఆవిరవుతూ ఒంటి వేడిని కొంత తీసుకుపోతుంది. రెండోది మెంథాల్, అంటే మనం పుదీనా పువ్వు అనేది, చేసే కనికట్టు. అది చర్మం వేడిని తగ్గించదు, చలిని పసిగట్టే నరాల కొసల్లోని గ్రాహకాన్ని తట్టి లేపుతుంది, మెదడు దాన్నే చలి అనుకుంటుంది. వేడినీ స్పర్శనూ పట్టుకునే గ్రాహకాలను కనిపెట్టినందుకు 2021లో నోబెల్ పొందిన డేవిడ్ జూలియస్, ఆర్డెమ్ పటపూటియన్‌లు ఈ చలి గ్రాహకాన్ని విడివిడిగా గుర్తించినప్పుడు వాడుకున్నది మెంథాల్‌నే. మా ఇంట్లో ఈ హాయి ఇరవై నిమిషాలకు మించి నిలవలేదు. గోకి పుండు చేసుకున్న చోట మాత్రం మెంథాల్ చురుక్కుమని మండి, పిల్లవాడు గంతులు వేశాడు. చెమట రంధ్రాలు మూసుకుపోవడం వల్ల వచ్చే పొక్కులకు గాలి తగలడం, వదులైన నూలు బట్టలు, రెండు పూటలా చన్నీళ్ల స్నానం చేసినంత మేలు ఏ జెల్లూ చేయదన్నది మూడు వారాల అనుభవం. సువాసన మరీ ఘాటుగా ఉంది.

ఇక అట్ట మీది తెలుగు. ఇంగ్లీషు, హిందీ వాక్యాల కింద చిన్న అక్షరాల్లో ఇలా ఉంది: “చికాకు చెందిన చర్మాన్ని తక్షణమే ఓదారుస్తుంది.” అచ్చుప్రతులు దిద్దడమే ఇరవై ఏళ్లుగా నా బతుకుతెరువు కాబట్టి నాకు తప్ప ఇంకెవరికీ ఇది పట్టదేమో అనుకున్నాను. కాని పక్క వాటాలో ఉండే పెద్దమ్మ, పోపు పెడుతుంటే నూనె చిటిలి ముంజేతి మీద పడిందని, పది పదిహేను నిమిషాలు కొళాయి కింద చెయ్యి పెట్టుకున్న తర్వాత ఈ ట్యూబు అడగడానికి వచ్చినప్పుడు, అట్ట తిప్పి అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, “ఓదార్చుడేంది బిడ్డా, ఎవరన్న పోయిన్రా?” అన్నది. సిద్దిపేట వైపు నుంచి వచ్చి ముప్పై ఏళ్లుగా ఇక్కడే ఉంటున్న ఆమె, నిఘంటువుతో నిమిత్తం లేకుండా అసలు విషయం పట్టేసింది.

ఓదార్చడానికి ఎదుట ఒక మనిషి ఉండాలి, ఆ మనిషికి దుఃఖం ఉండాలి. పోయినవారి ఇంటికి వెళ్లి ఓదారుస్తాము, పరీక్ష తప్పిన పిల్లను ఓదారుస్తాము. తండ్రి మరణానంతరం వై.ఎస్. జగన్మోహన్ రెడ్డి 2010లో మొదలుపెట్టిన యాత్రకు ఓదార్పు యాత్ర అని పేరు పెట్టినప్పుడు, అది ఎవరి ఇళ్లకు, ఎందుకు వెళ్లే యాత్రో ఎవరూ ఎవరికీ విడమరచి చెప్పవలసిన పని లేకపోయింది, ఆ మాటే చెప్పేసింది. చర్మానికి దుఃఖం లేదు, దానికున్నది మంట, దురద, సలుపు. వాటికి మనకు ఉపశమనం ఉంది. ‘శమ్’ అనే సంస్కృత ధాతువు నుంచి వచ్చిన ఈ మాటలో అణగడం, సద్దుమణగడం అనే అర్థం ఉంది. శాంతి దాని తోబుట్టువే, ఆయుర్వేదంలో దోషాన్ని బయటికి వెళ్లగొట్టే శోధనకు జోడీగా, ఉన్నచోటనే అణచే శమన చికిత్స అని చెప్పేదీ ఈ మాటనే. (యముడికి శమనుడు అనే పేరు ఉన్న సంగతి మందుల కంపెనీల దృష్టికి తేకపోవడం మంచిది.) “మంట నుంచి వెంటనే ఉపశమనం కలిగిస్తుంది” అంటే సరిపోయేది. అది బరువనిపిస్తే “మంట తగ్గిస్తుంది, చల్లగా ఉంటుంది” అన్నా ఎవరికీ నష్టం లేదు.

ఇంగ్లీషులో ఏడ్చే బిడ్డకు, కోపంగా ఉన్న ఖాతాదారుకు, కాలిన చేతికి ‘సూద్’ (soothe) అనే ఒకే మాట నడుస్తుంది, తెలుగు మాత్రం బాధ ఎవరిది, ఎలాంటిది అని అడిగి గాని మాట ఇవ్వదు. అలిగిన వాళ్లను బుజ్జగిస్తాము. అందుకే ఎన్నికల టికెట్లు ప్రకటించిన మర్నాడు పత్రికల్లో అసంతృప్తులకు బుజ్జగింపులే తప్ప ఓదార్పులు కనబడవు. కోర్టులో వచ్చేది ఊరట, వానతో ఎండల నుంచి వచ్చేది ఉపశమనం. పసిబిడ్డను లాలిస్తాము, జోకొడతాము, వెక్కి వెక్కి ఏడ్చేవారిని ఊరుకోబెడతాము, ఇదే పెద్దమ్మ నోట “ఊకో బిడ్డా” అవుతుంది. కాస్త పుస్తకాల వాసన కావాలనుకునేవారు సాంత్వన అంటారు, అయితే సగం మంది దాన్ని ‘స్వాంతన’ అని రాసి నా చేత దిద్దిస్తారు. స్వాంతం అంటే మనస్సు కాబట్టి ఆ తప్పు చెవికి ఒప్పులా వినిపిస్తుంది, అందుకే అది చావదు. సాంత్వానికి అసలు అర్థం మంచి మాటలతో దారికి తెచ్చుకోవడం, సామ దాన భేద దండాలనే చతురుపాయాల్లో మొదటిదైన సామానికి సంస్కృత నిఘంటువు అమరకోశం ఇచ్చే పర్యాయపదం అదే.

సముదాయించడం అంటే ఏమిటో నాకు అదే వారంలో అనుభవంలోకి వచ్చింది. అట్ట మీది సహాయ కేంద్రం నంబరుకు ఫోన్ చేసి, తెలుగు కోసం రెండు నొక్కి, పదకొండు నిమిషాలు సంగీతం విన్న తర్వాత ఒక అమ్మాయి పలికింది. జెల్ పడలేదా సార్, దద్దుర్లు వచ్చాయా, డబ్బులు వెనక్కి కావాలా అని అడిగింది. అవేవీ కాదు, క్రియాపదం తప్పు అని చెప్పాను. కొంచెంసేపు నిశ్శబ్దం. తర్వాత నా గొంతులోని చిరాకును గమనించి, “మీరు చెప్పింది కరెక్టే సార్, మా ఇంట్లో కూడా అలా అనం, పై వాళ్లకు పంపిస్తాను” అని మెత్తగా నచ్చజెప్పి పెట్టేసింది. ఆమె నన్ను ఓదార్చలేదు, నాకు ఉపశమనమూ కలగలేదు, కాని సముదాయించడం మాత్రం చక్కగా చేసింది. ఆమె పనికి అయిదుకు అయిదు ఇస్తాను. జెల్‌కు మూడు. అట్ట మీది తెలుగుకు ఒకటి, అదీ అక్షరదోషాలు లేనందుకు.

పెద్దమ్మ ఆ రోజు తీసుకుపోయిన ట్యూబు తిరిగి రాలేదు. మర్నాడు మెట్ల దగ్గర ఎదురైతే చెయ్యి చూపించి, “మంట జర నిమ్మళమైంది” అన్నది. అంత చక్కగా అతికిన ఆ ‘నిమ్మళం’ను అట్ట రాసినవారికి అరువు ఇప్పించాలని ఉంది. ట్యూబు ఇప్పుడు ఆమె ఫ్రిజ్‌లో, సల్ల గిన్నె పక్కన ఉంటుంది. మా అబ్బాయికి మరొకటి కొనాలి, ఈసారి మెంథాల్, సువాసన లేని రకం ఉందేమోనని షాపు కుర్రవాణ్ణి అడిగి పెట్టాను.